తెలిసినోళ్లు సుద్ద ముట్టొద్దు

పొద్దున ఐదున్నరకు రేణుక నీళ్ల మోటరు వేస్తుంది. కింద సంపు నుంచి పైన ట్యాంకు నిండడానికి ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. స్విచ్చు నొక్కి, మెట్ల పక్కన బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని ఒకే ఒక లెక్క మొదలుపెడుతుంది. ట్యాంకు నిండేలోపు అది పూర్తి కావాలి. కాకపోతే మోటరు ఆపేసి, లెక్కను ఉన్నచోటే వదిలి చీపురు అందుకుంటుంది. ఇన్నేళ్లలో ట్యాంకు పొంగింది ఒక్కసారే. ఆ రోజు నాలుగో అంతస్తు పట్టాభిరామయ్య గారు తువ్వాలు భుజాన వేసుకుని కిందికి వచ్చి, "ఏమ్మా రేణుకా, మా బాల్కనీలో వాన పడుతోంది, మీ దగ్గర ఎండగానే ఉందా?" అని అడిగి వెళ్లారు.

ఆమె లెక్క చేసే తీరు చూడాలి. ఒక్క వరుస కూడా దాటెయ్యదు. ప్రతి వరుసకూ కుడివైపు అంచున, అది ఎందుకు వచ్చిందో రెండు మూడు మాటల్లో రాస్తుంది. చదివేవాళ్లకు లెక్కలు రాకపోయినా ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరిందో తెలిసిపోతుంది. ఇది ఆమెకు మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఇంటర్ రెండో సంవత్సరంలో, డెబ్బై అయిదుకు ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాక అలవడింది.

రేణుక తండ్రి ఎల్లయ్య పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్. వాళ్లది వనపర్తి దగ్గర ఊరు. తల్లి సాయమ్మ నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది. మెట్ల కింద ఒక గది, గది ముందు స్తంభాల మధ్య కార్లు పెట్టుకునే చోటు, ఆ తర్వాత గేటు. తొమ్మిదేళ్ల వయసులో రేణుక ఇక్కడికి వచ్చినప్పుడు గేటు ముందు నుంచుంటే బండలు, బండల మధ్య సీతాఫలం చెట్లు కనిపించేవట. ఇప్పుడు కోకాపేట టవర్లు కనిపిస్తాయి, వాటి నెత్తిన క్రేన్లు.

ఆ టవర్లలోనే ఒకదానికి వాళ్ల ఊరి మేస్త్రీ సెంట్రింగ్ పని చేయించేవాడు. స్లాబు పోసేటప్పుడు కింద పరిచే చెక్కలు నాలుగైదుసార్లు వాడాక అంచులు విరుగుతాయి. అలాంటిదొకటి, నిలువెత్తు గోధుమరంగు చెక్క, మోరీ కాలువ మీద కప్పడానికి పనికొస్తుందని ఎల్లయ్య తెచ్చాడు. రేణుక దాన్ని మోరీ దాకా పోనివ్వలేదు. స్తంభానికి ఆనించి నిలబెట్టి సుద్దముక్కతో గీసి చూసింది. చెక్క నునుపుగా ఉండి సుద్ద జారిపోయింది. అప్పుడు ఆమెతో చదివే లోహిత్ గరుకు కాగితం తెచ్చి రెండు సాయంత్రాలు కూర్చుని రుద్దాడు. ఇప్పటికీ ఎక్కడైనా బండ పేలిస్తే ఆ చెక్క మీది సుద్ద పొడి కాస్త రాలుతుంది.

లోహిత్ ఉండేది పక్క వీధిలో. వాళ్లమ్మ కొమురమ్మ ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. లోహిత్, రేణుక ఇద్దరూ ఒకే సర్కారు జూనియర్ కాలేజీలో, తెలుగు మీడియంలో ఎంపీసీ చేరారు. రేణుకకు లెక్కలు వచ్చు. లోహిత్‌కు రావు. అందుకని మొదట్లో రేణుక చెక్క మీద చేసేది, లోహిత్ నోటుబుక్కులో ఎక్కించుకునేవాడు. ఇద్దరికీ బాగానే ఉండేది. ఒక యూనిట్ పరీక్షలో లోహిత్‌కు నాలుగు మార్కులు వచ్చేదాకా.

ఆ సాయంత్రం అతను చెక్క ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"సుద్ద ఇటియ్యి."

"ఎందుకు? నీకు రాదు కదా."

"రాదనే అడుగుతున్న. నువ్వు రాస్తుంటె నాకు అంత సమజైనట్టే ఉంటది. ఇంటికి పోయి కూసుంటె ఏం ఉండది. ఇగ నేనే రాస్త. నువ్వు ఆ డబ్బ మీద కూసో."

"తప్పు రాస్తె?"

"రాయనీ. జర నోరు మూసుకుని కూసో. మరీ పరేషాన్ అయితె ఒక మాట చెప్పు."

అలా పుట్టింది ఆ నియమం: తెలిసినవాళ్లు సుద్ద ముట్టకూడదు. రానివాళ్ల చేతిలోనే సుద్ద ఉండాలి. తెలిసినవాళ్లు అడిగితే తప్ప మాట్లాడకూడదు, మాట్లాడినా నాలుగు మాటలు మించకూడదు. ఆ నాలుగు మాటల హద్దు లోహిత్ పెట్టిందే. రేణుక మొదలుపెడితే ఆపదని అతని భయం.

మొదట్లో ఆమెకు చేతులు దురద పెట్టేవి. అతను గుర్తు మార్చడం మరచిపోయిన చోట ఆమె డబ్బా మీద అటూ ఇటూ కదిలేది. మెల్లగా ఆ పనిలోనే ఒక రుచి తెలిసింది. లెక్క మొత్తాన్ని తలలో చేసుకుని, అందులో ఏ ఒక్క మాట అంటే లోహిత్ మిగతా దారి తనంతట తాను నడుస్తాడో వెతకడం. "రెండువైపులా వర్గం చెయ్." "కింద ఏమున్నదో సూడు." ఒక్కోసారి ఒకే మాట: "తిప్పు." అతను తిప్పేవాడు. లెక్క వచ్చేసేది. ఎంత తక్కువ మాటల్లో చెబితే ఆమెకు అంత గర్వంగా ఉండేది.

హరిత రెండో సంవత్సరం మొదట్లో వచ్చి కలిసింది. మూడో అంతస్తులో ఉంటారు, అనంతపురం నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ప్రశాంత్ రియల్ ఎస్టేట్ చేస్తాడు. హరిత పెద్ద కార్పొరేట్ కాలేజీలో, ఇంగ్లిష్ మీడియంలో, అవే లెక్కలు చదివేది. అక్కడ సెక్షన్‌కు తొంభైమంది. అర్థం కానివాళ్లు చెయ్యి ఎత్తే వీలు ఉండదని చెప్పేది.

ఒక ఆదివారం లిఫ్టు కోసం నిలబడి ఆమె చెక్క వైపు చూసింది. పుస్తకంలో అబ్బాయిలు, అమ్మాయిలు వరుసలో కూర్చునే లెక్కలు చేసి చేసి లోహిత్ విసిగిపోతే, రేణుక వాళ్ల బదులు కార్లు పెట్టింది. ఆరు చోట్లు, ఆరు కార్లు. వాటిలో పట్టాభిరామయ్య గారి తెల్ల కారు, ప్రశాంత్ గారి నల్ల కారు పక్కపక్కన ఉండకూడదు. ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? ఆ నెలలోనే తెల్ల కారు తలుపుకు గీత పడిందని ఇద్దరికీ మాటా మాటా అయింది.

"అది మా నాన్న కారు కదా?" అంది హరిత.

రేణుక గబుక్కున లేచి నిలబడింది. "ఏమనుకోకండి. ఊరికే లెక్క కోసం."

"అనుకోవడం ఏముంది, నిజమే. పక్కన పెడితే మళ్లీ గొడవే." హరిత చెక్క దగ్గరికి వచ్చింది. "ఆన్సర్ ఆరువందలు."

"మీకు వస్తదా?" అన్నాడు లోహిత్.

"మొత్తం ఏడువందల ఇరవై. రెండూ కలిసి ఉంటే ఒకే కారు అనుకుంటే నూట ఇరవై. తీసేస్తే ఆరువందలు."

లోహిత్ రేణుక వైపు చూశాడు. రేణుక తల అడ్డంగా ఊపింది. లోహిత్ సుద్దముక్క హరిత చేతిలో పెట్టాడు.

"నాకెందుకు?"

"మీకు రాలేదు కదా. రానోళ్లే పట్టాలె. గదే మా రూల్."

హరిత ముఖం ఎర్రబడింది. అయినా సుద్ద తీసుకుంది. ఆరు గళ్లు గీసింది, కార్లు సర్దింది, మళ్లీ ఆరువందలే వచ్చింది. చివరికి వెనక్కి తిరిగి, "చెప్పొచ్చు కదా" అంది.

రేణుక మాటలు లెక్కపెట్టుకుంది. "మీ కారు ఏ పక్కన?"

హరిత నల్ల కారును చూసింది, తెల్ల కారును చూసింది. "ఓ! ఇటైనా ఉండొచ్చు, అటైనా ఉండొచ్చు." నూట ఇరవైని రెండుతో హెచ్చించింది. ఏడువందల ఇరవైలోంచి రెండువందల నలభై పోయి, నాలుగువందల ఎనభై మిగిలింది. కింద రెండు గీతలు గీసి, చేతికంటిన సుద్దను చూసుకుంది. "నన్ను 'మీరు' అనొద్దు, ప్లీజ్. మా నానమ్మలా ఉంటుంది" అంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆరింటికి ముగ్గురూ. మొదటి అంతస్తులో మా బాల్కనీలోకి వాళ్ల మాటలు స్పష్టంగా వినిపించేవి. హరితకు ఇంగ్లిష్ పేర్లే తెలుసు, వాళ్లిద్దరికీ తెలుగు పేర్లే తెలుసు. పారాబొలా అంటే లోహిత్ "పరావలయమా? మరి గట్ల చెప్పరాదు" అనేవాడు. వారంలో అదీ అలవాటైపోయింది. ఎనిమిదవుతుంటే పైనుంచి హరిత వాళ్లమ్మ శారదమ్మ కేక వినపడేది: "ఏమే హరితా, ఆడ్నే పడుకుంటావా ఏంది? అన్నం తినేకి రాపో!" సుద్ద ఎక్కువగా లోహిత్, హరితల మధ్యే తిరిగేది. రేణుక డబ్బా దిగిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది రేణుకకు ఒక కోరిక పుట్టింది. కాలేజీలో లెక్కలు చెప్పే చలపతిరావు గారు కోఠిలోని ఆడపిల్లల విశ్వవిద్యాలయంలో బీఎస్సీ లెక్కలు చదవమన్నారు. అక్కడ సీటు ఇంటర్ మార్కులను బట్టే వస్తుంది. లెక్కల్లో నూట యాభైకి నూట నలభై దాటితే ఆశ పెట్టుకోవచ్చని ఆయన అన్నారు. రేణుక ఆ మాట ఇంట్లో చెప్పింది.

ఎల్లయ్య గేటు గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు. "కోఠి అయితె సరే బిడ్డా. పొద్దున పోతవ్, పొద్దుగూకేవరకు ఇంట్ల ఉంటవ్. ఇంకెక్కడనో సీటొస్తె, హాస్టల్ గీస్టల్ అంటె నాతోని కాదు. పట్టాభిరామయ్య సారు వాళ్ల ఆఫీసుల రిసెప్షన్ల పెట్టిస్తనంటున్నడు. ఏసీల కూసుండి చేసే పని. మీ అమ్మ లెక్క బొక్కెన మోసుడు లేదు."

అందులో కోపగించుకోవడానికి ఏమీ లేదు. ఎల్లయ్య లెక్క ప్రకారం రెండూ మంచివే. వారం తిరక్కుండా కూతురి ఆధార్ జిరాక్సు తీసుకెళ్లి నాలుగో అంతస్తులో ఇచ్చి వచ్చాడు. ఎందుకైనా మంచిదని. రేణుక దాన్ని పట్టించుకోలేదు. తనకు నూట నలభై రాకపోవడం ఏమిటనుకుంది.

జనవరిలో ప్రీ ఫైనల్ పరీక్షలు అయ్యాయి. పేపర్లు దిద్దిన రోజు చలపతిరావు గారు ఆమెను స్టాఫ్‌రూమ్‌కు పిలిచారు. ఆయనది భీమవరం వైపు. ఎవర్నీ గట్టిగా కోప్పడేవారు కాదు.

"కూర్చోమ్మా. ఇది పరీక్ష పేపరా, ఎవరికైనా రాసిన ఉత్తరమా?"

పేపరు మీద ముప్పై ఎనిమిది అని ఉంది. రేణుక దాన్ని తిప్పి చూసింది. "సార్, జవాబులు తప్పాయా సార్?"

"ఒక్కటీ తప్పలేదు. అదే నా బాధ. ఇదిగో, ఈ సమాకలని. ఏడు మార్కుల లెక్క. నువ్వు ఏం రాశావో చదువు."

రేణుక చదివింది. "ఎక్స్ బదులు పై బై టూ మైనస్ ఎక్స్ వేయాలి. పైది మారుతుంది, కిందది మారదు. రెండూ కూడాలి. జవాబు పై బై ఫోర్."

"వేయాలి, కూడాలి అంటున్నావు. ఎవరమ్మా వేయాల్సింది? నేనా?" ఆయన నవ్వబోయి ఆగారు. "నువ్వు నాకు క్లూ ఇచ్చి, మిగతాది నన్ను చేసుకోమన్నట్టుంది. నేను చేసుకోగలను, ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను. కానీ మార్చిలో దీన్ని దిద్దేది నేను కాదుగా? ఆయన ఎవరో నీకు తెలీదు, నువ్వెవరో ఆయనకు తెలీదు. కాగితం మీద ఎంత ఉంటే అంతకే మార్కు. ఇలాగే రాస్తే కోఠి సంగతి మరచిపోవాల్సిందే."

"సార్, నేను కావాలని రాయలేదు సార్. నాకు అంతే వచ్చింది."

"అది నాకు తెలుసమ్మా. అందుకే పిలిచాను."

ఆ సాయంత్రం రేణుక చెక్క దగ్గరికి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు లోహిత్ గది ముందు నిలబడి, "ఏంది మేడం, క్యాజువల్ లీవా, మెడికల్ లీవా?" అన్నాడు. ఆమె పేపరు తెచ్చి అతని చేతికిచ్చింది. అతను చూసి నవ్వడం మానేశాడు.

"నీకెంత?" అని అడిగింది.

"యాభై ఏడు." పేపరు మడుస్తూ అన్నాడు, "అన్నీ నువ్వు చెప్పినయే."

హరిత మెట్ల మీద కూర్చుని పేపరు మొత్తం చదివింది. "రేణుకా, ఇవన్నీ నువ్వు మాకు చెప్పే మాటలే. అచ్చం నాలుగేసి మాటలే ఉన్నాయి చూడు" అంది. ఆపైన, "అయితే రూల్ తిప్పేద్దాం. ఈ రోజు నుంచి సుద్ద నీదే. మేం ముట్టం."

రేణుక చెక్క ముందుకు వెళ్లి నిలబడింది. అదే సమాకలని. మొదటి వరుస రాసింది. రెండో వరుసలో జవాబు రాసి పక్కకు జరిగింది.

"ఆగు ఆగు. నడిమిట్ల ఏమాయె?" అన్నాడు లోహిత్.

"నడుమ ఏమున్నది? కనపడుతలేదా?"

"నాకు కనపడది. గందుకే కదా రెండేండ్ల సంది సుద్ద నా చేతుల ఉన్నది."

ఆమె మళ్లీ రాయబోయింది. చెయ్యి చెక్క మీద ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఎవరో రాస్తుంటే వాళ్ల చేతి వెనక నుంచి చూస్తూ ఆలోచించడం ఆమెకు అలవాటు. ఇప్పుడు కళ్లముందు ఖాళీ చెక్క తప్ప ఏమీ లేదు. మధ్య వరుసలు ఎలా మొదలవుతాయో కూడా తోచలేదు. సుద్దను చెక్క అంచున పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. సాయమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తి, "ఏమైంది బిడ్డా?" అని అడిగితే, "ఏం లేదు, నాకు వస్తలేదు" అంది. "రాకపోవుడేంది?" అంది సాయమ్మ. ఆ పిల్ల నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

లోహిత్ కాసేపటికి తిరిగొచ్చాడు. నాలుగు పొడుగు నోటుబుక్కులు తెచ్చి గడప మీద పెట్టాడు.

"ఇవేంది?"

"చెక్క మీద చేసినయన్నీ ఇంటికి పోయినంక మళ్లొకసారి రాస్త నేను. మర్చిపోతనని. నడిమిట్లయన్నీ ఇందులనే ఉన్నయ్. సూడు. నా అక్షరాలు సూసి నవ్వితె మాత్రం ఊకోను."

మర్నాడు పొద్దున మోటరు వేసి రేణుక మొదటి నోటుబుక్కు తెరిచింది. వంకర అక్షరాలు, కొట్టివేతలు, పక్కన నూనె మరకలు. ఒక్కో పేజీలో తను డబ్బా మీద కూర్చుని తలలో చేసేసిన లెక్క ఉంది. తనకు ఒక్క క్షణంలో తోచినది లోహిత్‌కు తొమ్మిది వరుసలు పట్టింది. ఆ తొమ్మిదిలో ఒక్కటి తీసేసినా లెక్క నిలవదు. ఒక చోట, "రేణుక తిప్పు అన్నది" అని రాసుకుని, దాని కింద అరపేజీ నిండా ఎలా తిప్పాలో విడివిడిగా చేసుకున్నాడు. తను "తిప్పు" అన్నది గుర్తుంది. ఆ అరపేజీ ఎప్పుడూ చూడలేదు. రెండో నోటుబుక్కు తెరిచింది, మూడోది తెరిచింది. పట్టాభిరామయ్య గారు వాన సంగతి అడిగి వెళ్లింది ఆ రోజే.

ఆ సాయంత్రం ఆమె తనంతట తానే సుద్ద పట్టుకుంది. లోహిత్ డబ్బా మీద కూర్చున్నాడు. ఈసారి నియమం ఒకటే. ఏ వరుస దగ్గరైనా అతనికి అర్థం కాకపోతే, "ఎట్లొచ్చింది?" అంటాడు. అప్పుడు నోటితో చెప్పకూడదు. ఆ వరుసకు పైన ఇంకో వరుస రాయాలి. హరిత స్తంభం మీద గీతలు గీస్తూ అలా ఎన్నిసార్లు అడిగాడో లెక్కపెట్టేది.

మొదటి రోజు ఒక్క లెక్కకు పదకొండు గీతలు పడ్డాయి.

"నువ్వు కావాలని అడుగుతున్నవ్" అంది రేణుక, ఏడుపు గొంతుతో.

"అమ్మతోడు. నిజంగ సమజ్ కాలె. నాకు సమజైతె ఆ దిద్దే సారుకు కూడ అయితది. నాకంటె అధ్వానం ఎవడుండడు."

"ఉంటారు," అంది హరిత. "మా కాలేజీకి రా, తొంభైమందిని చూపిస్తా."

రేణుకకు నవ్వొచ్చింది. పన్నెండో వరుస రాసింది.

ఫిబ్రవరి అంతా అలాగే గడిచింది. ప్రశాంత్ గారు కారు బయటికి తీస్తూ అద్దం దించి స్తంభం మీది గీతలు చూసి, "ఏందమ్మా ఇవి, పాల లెక్కా?" అని అడిగేవారు. గీతలు పదకొండు నుంచి ఏడుకు, అయిదుకు వచ్చాయి. మధ్యలో ఒక రోజు, వృత్తాల లెక్క దగ్గర, మళ్లీ తొమ్మిదికి పెరిగాయి. రేణుక అడగకముందే కుడి అంచున కారణం రాయడం నేర్చుకుంది. అడిగించుకోవడం కంటే అదే సుఖమని తేలింది.

పరీక్షలకు ఇంకో నాలుగు రోజులు ఉందనగా ఒక సాయంత్రం, చెక్క పై అంచు నుంచి కింది అంచు దాకా ఒక అవకలన సమీకరణం రాసుకుంటూ వచ్చింది. చివరి వరుసలకు వంగాల్సి వచ్చింది. కింద గీత గీసి, లేచి, వెనక్కి తిరిగింది. లోహిత్ నోటుబుక్కు మూసుకుని చెక్క వైపు చూస్తున్నాడు. హరిత సుద్దముక్క స్తంభం దగ్గరే పట్టుకుని ఉంది.

"అడుగు" అంది రేణుక.

"ఏమడగాలె?"

"ఎట్లొచ్చింది అని."

"ఎట్లొచ్చిందో అంత రాసినవ్ కదా. ఇగ నేనేమడగాలె?" లోహిత్ డబ్బా మీద నుంచి లేచాడు. "లే లే, జరుగు, నన్ను రాసుకోనీ. మంచిగ ఉన్నది."

పరీక్ష రోజు ఆమె రెండుసార్లు అదనపు కాగితాలు అడిగి తీసుకుందట. ఎప్పుడూ తీసుకోలేదని, మొదటిసారి చెయ్యి ఎత్తడానికి సిగ్గేసిందని తర్వాత చెప్పింది. చివరి గంట కొట్టబోతుండగా ఇంకో చిన్న ప్రశ్న మిగిలిపోయింది. జవాబు తెలుసు. జవాబు ఒక్కటే రాసే టైము ఉంది. రాయకుండా వచ్చేసింది.

"రెండు మార్కులు! గదేందే, జవాబన్న పెట్టి రావద్దా?" అన్నాడు లోహిత్.

"నడుమ ఏం లేకుండ ఎట్ల పెడుత?" అంది.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చిన రోజు హరిత ఫోనులో ముగ్గురి హాల్‌టికెట్ నంబర్లూ కొట్టింది. రేణుకకు లెక్కల్లో ఒక పేపరులో డెబ్బై రెండు, ఇంకోదానిలో డెబ్బై. లోహిత్‌కు రెండూ కలిపి నూట పందొమ్మిది. హరితకు నూట ముప్పై ఆరు. లోహిత్ తన అంకెను చూసి, హరిత చేతిలోంచి ఫోను తీసుకుని, నంబరు సరిగా కొట్టిందో లేదో తానే మళ్లీ కొట్టి చూశాడు.

కోఠిలో సీటు మొదటి విడతలో రాలేదు. రెండో విడతకు పదిహేను రోజులు ఆగాలి. పట్టాభిరామయ్య గారి ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. రెండుసార్లూ ఎల్లయ్య, "జర ఆగుండ్రి సార్, పిల్లకు జరమొచ్చింది" అన్నాడు. రేణుకకు జ్వరం రాలేదు. తండ్రి అబద్ధం చెప్పడం ఆమె వినడం అదే మొదటిసారి.

రెండో విడతలో సీటు వచ్చింది.

ఎల్లయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని నాలుగో అంతస్తుకు వెళ్లాడు. మెట్ల మీదే వెళ్లాడు, లిఫ్టు ఎక్కలేదు.

"సార్, పిల్లది ఆధార్ జిరాక్స్ ఉండె మీ దగ్గర. వాపస్ ఇస్తరా?"

"ఎందుకు ఎల్లయ్యా? జ్వరం తగ్గిందా?"

"తగ్గింది సార్. కాలేజీల అడుగుతున్నరు."

జిరాక్సు ఇంకొకటి తీయించుకోవచ్చని ఆయనకూ తెలుసు, ఎల్లయ్యకూ తెలుసు. పట్టాభిరామయ్య గారు బీరువాలో వెతికి తెచ్చి ఇచ్చారు. "మంచిది. చదువుకోనివ్వు. ఆ ట్యాంకు సంగతి మాత్రం చూడమను" అన్నారు.

లోహిత్ ఇప్పుడు మాదాపూర్‌లో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని నేర్చుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. హరిత ఇంజనీరింగ్‌లో ఉంది. హాస్టల్ నుంచి వచ్చిన ఆదివారాల్లో కిందికి దిగుతుంది. చెక్క స్తంభానికే ఆనించి ఉంది. హరిత గీసిన గీతలు స్తంభాలకు సున్నం వేసినప్పుడు పోయాయి. నాలుగు నోటుబుక్కులను రేణుక తిరిగి ఇవ్వలేదు. లోహిత్ అడగలేదు.

రేణుక బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. పొద్దున ఏడుంబావుకు పుప్పాలగూడలో బస్సెక్కి మెహదీపట్నంలో దిగుతుంది, అక్కడ కోఠి బస్సులోకి మారుతుంది.